నువ్వులైతే ఎట్ల? వదినతోని తాల్ముద్ చదువు

యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌ను ఒక్కరే మూలకు కూసొని చదివితే దాంట్ల సగం కూడ చేతికి రాదు, ఇది నేను గట్టిగ చెప్పగలిగిన మాట. యూదుల దగ్గర ఈ చదువు ఇద్దరిద్దరు కలిసి చేస్తరు, దాన్ని హవ్రూత అంటరు, ఒకే పేజీ ముందర పెట్టుకొని పైకి చదువుకుంట, ఒకరు చెప్పింది ఇంకొకరు అడ్డం కొట్టుకుంట, అట్లనే గంటలు గంటలు పోతది. బయటినుంచి చూసేటోళ్ళకు లొల్లి పెట్టుకున్నట్టే కనిపిస్తది. నాకు జంట మా వదిన.

మాది హనుమకొండ, చిన్నప్పటి నుంచి బాప్టిస్ట్ చర్చి, సండే స్కూల్, ఆదికాండం నిర్గమకాండం కథలన్నీ నోటికి వచ్చినయే. నేను జూనియర్ కాలేజీల హిస్టరీ చెప్త. వదిన జిల్లా కోర్టుల సివిల్ కేసులు చూస్తది, వాళ్ళ నాయన సంస్కృతం చెప్పేటోడు, పెళ్ళై మా ఇంటికి వచ్చేదాక ఆమె బైబిల్ తెరిచింది లేదు. అందుకే ఆమె జంటగ దొరకడం నా అదృష్టం, ఎందుకంటే నాకు తెలిసిన కథే గదా అని నేను జర్రున దాటిపోయేకాడ ఆమె ఆగి "ఏయ్ ఆగు, ఇక్కడ ఒక మాట పోయినట్టుంది" అంటది.

తెలియనోళ్ళ కోసం పైపైన చెప్త. యూదుల బైబిల్‌ను తనఖ్ అంటరు, వాళ్ళ లెక్కల 24 పుస్తకాలు, మొదటి అయిదు తోరా. దాని పక్కన నోటి మాటగ నడిచిన ధర్మశాస్త్రం ఒకటి ఉండె, దాన్ని క్రీ.శ. 200 ప్రాంతంల రబ్బీ (అంటే యూదుల ధర్మగురువు) యెహూదా హనాసీ మిష్నా అని ఒక దగ్గరికి తెచ్చిండు, ఆరు భాగాలు, 63 గ్రంథాలు. ఆ మిష్నా మీద తరాల తరబడి పండితులు చేసిన చర్చ గెమారా. రెండూ కలిస్తే తాల్ముద్, ఒకటి ఇజ్రాయెల్ గడ్డ మీద తయారైంది, ఒకటి బాబిలోనియాల, ఎక్కువ చదివేది బాబిలోనియాదే. పేజీ చూస్తే భలే ఉంటది, నడుమ మిష్నా గెమారా, ఒక దిక్కు రాషి వ్యాఖ్య, ఇంకో దిక్కు తోసఫోత్ అని రాషి మనమలు, వాళ్ళ శిష్యులు లేపిన అభ్యంతరాలు. 1520ల ప్రాంతంల వెనిస్‌ల డేనియల్ బాంబర్గ్ అచ్చేసినప్పుడు కుదిరిన ఈ పేజీయే ఇప్పటికీ నడుస్తుంది. తాత చెప్పిన అర్థాన్ని మనమలు పక్కపొంటే నిలబడి "అట్లెట్ల అయితది" అని అడుగుతుంటే ఆ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టి పిల్లలకు చదివిస్తరు, నాకు మొదట నచ్చింది ఇదే.

రాషి అంటే రబ్బీ ష్లోమో యిత్సాకి, 1040ల పుట్టి 1105ల పోయిండు, ఫ్రాన్స్‌ల త్రోయా అనే ఊరు. ఆయనను చదువుడు ఎట్లనో నాకు నేర్పింది నెహామా లైబోవిత్స్ పద్ధతి. ఆమె 1905ల రీగాల పుట్టి జెరూసలేంల టీచర్‌గ బతికిన మనిషి, 1942 నుంచి దగ్గర దగ్గర ముప్పై ఏండ్లు వారం వారం ఆ వారం తోరా భాగం మీద ప్రశ్నల కాగితాలు తయారు చేసి పోస్టుల పంపేది, నర్సులు, సైనికులు, రైతులు, ఎవరంటే వాళ్ళు జవాబులు రాసి పంపితే ఎర్ర సిరాతోని దిద్ది తిరిగి పంపేది. ఆమె మాటిమాటికి అడిగే ప్రశ్న ఒక్కటే, ఇక్కడ రాషికి ఏం ఇబ్బంది అయింది? అంటే రాషి ఏం చెప్పిండు అనేది తర్వాత, అసలు ఆయన నోరు ఎందుకు విప్పాల్సి వచ్చింది, ఆ వాక్యంల ఏం ముల్లు గుచ్చుకుంది, అది ముందు దొరకబట్టాలె.

మేము దీన్ని కయీను హేబెలు మీద పెట్టి చూసినం. ఆదికాండం 4:8. మన తెలుగు బైబిల్ల కయీను తమ్మునితో మాట్లాడినట్టు సాఫీగనే ఉంటది, హీబ్రూల మాత్రం "కయీను తన తమ్ముడు హేబెలుతో అన్నడు" అని ఉండి, ఏమన్నడో లేకుండనే, వాళ్ళు పొలంల ఉన్నప్పుడు మీద పడి చంపిండు అని ఉంటది. మొదటి హత్య, దానికి ముందు అన్న తమ్మునితో అన్న ఆఖరి మాట, అదే లేదు! పాత గ్రీకు అనువాదం "మనం పొలానికి పోదాం" అని ఒక మాట పెట్టి ఆ సందు పూడ్చింది. రాషి అట్ల పూడ్వడు, కొట్లాటకు దిగేటందుకు సాకు వెతుక్కుంట మాట పెంచిండు, దీని మీద మిద్రాషులు, అంటే వాక్యంల ఖాళీలు పట్టుకొని పాత రబ్బీలు చెప్పిన కథలు, ఉన్నయి గాని వాక్యానికి నేరుగ కుదిరే అర్థం ఇది అని చెప్పి ఊకుంటడు. చూడుండ్రి, వేరే దారులు ఉన్నయని తనే చెప్పి, తను ఏ దారిల నడుస్తున్నడో చెప్తున్నడు.

ఆ వేరే దారి బెరేషీత్ రబ్బా అనే ఆదికాండం మిద్రాషుల పుస్తకంల ఉన్నది. అన్నదమ్ములు ఇద్దరు కలిసి లోకాన్ని పంచుకున్నరట, ఒకడు భూమి మొత్తం తీసుకున్నడు, ఇంకొకడు కదిలే ఆస్తి మొత్తం తీసుకున్నడు. ఇగ ఒకడు "నువ్వు నిలబడ్డ జాగ నాది, గాల్లోకి లెవ్వు" అంటడు, ఇంకొకడు "నీ ఒంటి మీద బట్ట నాది, ఇప్పు" అంటడు. అక్కడికెళ్ళి లేసింది హత్య. ఇంకొక రబ్బీ కాదంటడు, ఇద్దరూ భూమీ పంచుకున్నరు, సొమ్మూ పంచుకున్నరు, లొల్లి దేవాలయం ఎవరి జాగల కట్టాలన్న దాని మీద అంటడు. ఇంకొకరు ఆడమనిషి కోసం అంటరు. వదిన ఇది విని నవ్వలేదు, చాలాసేపు ఏమనలేదు, తర్వాత "భూమి, గుడి, ఆడమనిషి, నా టేబుల్ మీద ఉన్న ఫైళ్ళన్నీ ఇవే పిల్లా" అన్నది. ఒక్క మాట పోయిన సందుల ఇంత పట్టింది. కథ కట్టిండ్రని కొట్టిపారేసేటోళ్ళు ఉంటరు, నేను ఒప్పుకోను, వాక్యంల నిజంగ ఖాళీ ఉన్నకాడనే కథ మొదలైతది, ఖాళీ లేనికాడ మిద్రాష్ ఊరికెనే నోరు తెరువదు.

వ్యాఖ్యకారుడు అనంగనే వదిన వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న మల్లినాథసూరిని తెచ్చింది. కాళిదాసు కావ్యాలను దేశమంతా చదివింది ఆయన వ్యాఖ్యతోనే, ఇంటిపేరు కొలచల, మన మెదక్ దిక్కు కొల్చారం. మూలంల లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ముందే మాటిచ్చి రాసిన మనిషి. రాషిది కూడ ఈ క్రమశిక్షణే, తక్కువ మాటలు, గుచ్చుకున్నకాడనే చెయ్యి పెడ్తడు. 1475ల తేదీతోని అచ్చయినట్టు తెలిసిన మొదటి హీబ్రూ పుస్తకం తోరా మీద ఈయన వ్యాఖ్యే, అంటే తోరా కంటే ముందు వ్యాఖ్య అచ్చుకెక్కింది.

చదివే తీర్లకు నాలుగు మెట్లు చెప్తరు, పెషాత్ అంటే నేరు అర్థం, రెమెజ్ సూచన, దెరాష్ వెతికి తీసిన అర్థం, సోద్ అంటే రహస్యం, అన్నీ కలిపి పర్దేస్ అంటరు. రబ్బీ ఇష్మాయేల్ పేరు మీద 13 సూత్రాలు కూడ ఉన్నయి, చిన్న విషయంల ఇట్లయితే పెద్ద విషయంల ఇంకెంత అని లాగే కల్ వహోమెర్ అసొంటివి, ఇవి పొద్దటి ప్రార్థనల చదువుతరు కూడ. వీటిని ముందే బట్టీ పట్టాలని నాకైతే అనిపించదు. కేసు నడుస్తుంటే సూత్రం దానంతట అదే ముందుకొస్తది.

కేసు అంటే ఎట్లుంటదో చెప్త. ఆ 63 గ్రంథాలల్ల ఒకటైన బవా మెత్సియా రెండో అధ్యాయం, దొరికిన వస్తువుల ముచ్చట. ఏది దొరికితే ఉంచుకోవచ్చు, ఏది దొరికితే చాటింపు చెయ్యాలె. చెల్లాచెదురుగ పడ్డ గింజలు, చెల్లాచెదురుగ పడ్డ పైసలు దొరికినోనివే. దుకాణంల కాల్చిన రొట్టెలు దొరికినోనివే, ఎందుకంటే అన్నీ ఒక్కతీరే ఉంటయి, ఇంట్ల చేసిన రొట్టె దొరికితే మాత్రం చాటాలె, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు గనుక చూస్తే గుర్తుపడ్తరు. మిష్నా ఇంతే చెప్పి పోతది. గెమారా అక్కడ పట్టుకుంటది, చెల్లాచెదురు అంటే ఎంత చెదురు? రబ్బీ యిత్స్‌హాక్ అంటడు, నాలుగు మూరల జాగల ఒక కవ్, కవ్ అంటే వాళ్ళ కొలత. ఎందుకు అంత? ఇది కల్లం కాడి మాట అంటది గెమారా, గింజలు ఎత్తుకున్నంక మిగిలినయి, అంత జాగల అన్ని గింజలే ఏరుడంటే కష్టం ఎక్కువ ఫలం తక్కువ, కాబట్టి సొంతదారు పోనీ అని ఇడిసిపెట్టిండు. ఇగ రబ్బీ యిర్మియా మొదలుపెడ్తడు. రెండు మూరలల సగం కవ్ అయితే? జాగ తక్కువ గదా, ఏరుకుంటడా? ఎనిమిది మూరలల రెండు కవ్‌లయితే? ఖర్జూరాలు, దానిమ్మలు అయితే? నువ్వులైతే? నువ్వులకు రేటెక్కువ కాబట్టి ఇడిసిపెట్టడు అనాల్నా, సన్న గింజ ఏరుడు చావుకష్టం కాబట్టి ఇడిసిపెడ్తడు అనాల్నా?

ఇది చదివేటప్పుడు మా అమ్మ పక్కన కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంది. అమ్మ వాళ్ళది పరకాల దిక్కు ఊరు, కల్లం చూసి పెరిగిన మనిషి. ఎవరో అడిగినట్టే "నువ్వులైతే ఎవరు ఏరుతరే, ఊడ్చి చెరుగుతరు, మన్నుతోని సహా తెచ్చుకుంటరు, ఇడిసిపెట్టుడు ఉండది" అన్నది. వదిన ఎంబడే, "మరి ఊడ్వకుండ పోయిండంటే అర్థమేంది అత్తమ్మా, కావాల్నని ఇడిసినట్టే గదా" అన్నది. అమ్మ, "ఊడ్వకుండ పోయిండంటే చీపురు తేను పోయిండు". ఇద్దరూ తగ్గలేదు. గెమారాల ఈ ప్రశ్నలన్నిటి చివర ఒకటే మాట ఉంటది, తేకూ, అంటే తేలలేదు, అట్లనే నిలబడనీ. ఏనుమాముల మార్కెట్ యార్డుల గింజ నేల పాలయిన చోట కూడ ఈ లెక్కే నడుస్తది గదా అని నాకు అప్పుడు తట్టింది, వెయ్యిన్నర ఏండ్ల కింద బాబిలోనియాల ఆగిన ప్రశ్న మా ఇంట్ల ఇంకో రెండు పక్షాలను లేపింది.

ఆ తర్వాత పేజీ వెనకదిక్కు అబ్బాయే, రవా అనే ఇద్దరు బాబిలోనియా పండితుల పెద్ద వాదం వస్తది. వస్తువు పడిపోయిందని సొంతదారుకు ఇంకా తెల్వదు, తెలిస్తే మాత్రం ఆశ వదులుకుంటడు, గుర్తు లేని వస్తువు గనుక. ఇప్పుడు ఆశ వదులుకున్నట్టా కాదా? రవా వదులుకున్నట్టే అంటడు, అబ్బాయే కాదంటడు, మనిషి మనసుల జరగని దాన్ని జరిగినట్టు ఎట్ల లెక్కేస్తవు. సాక్ష్యం మీద సాక్ష్యం తెచ్చి కొట్లాడి ఆఖరికి అబ్బాయే మాట నిలబడ్తది. వదిన మన 1872 కాంట్రాక్ట్ చట్టం తీసింది, సెక్షన్ 71, దొరికిన వస్తువు తన చేతులకు తీసుకున్నోడు దాన్ని అప్పగించిన సొమ్ము లెక్క కాపాడాలె. మన చట్టం దొరికినోని బాధ్యత నుంచి మొదలుపెడ్తే గెమారా పోగొట్టుకున్నోని మనసు నుంచి మొదలుపెడ్తదని ఆమె చెప్పినంకనే నాకు ఆ పేజీ మొత్తం అర్థమైంది.

ఇంకొక ముచ్చట చెప్పకుండ ఉండలేను. "కంటికి కన్ను" అన్న మాటను ఒక ప్రసంగంల యూదుల క్రూర చట్టం, ప్రేమ తెల్వని చట్టం అని చెప్తుంటే విన్న, నాకు చాన బాధైంది. మిష్నాల, బవా కమా అనే గ్రంథం ఎనిమిదో అధ్యాయం మొదట్లనే, మనిషిని గాయపరిచినోడు అయిదు లెక్కలు కట్టాలని ఉంది, అంగం పోయిన నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పని పోయిన రోజులు, అవమానం. గెమారా అక్కడ పేజీలకు పేజీలు అడుగుతది, తోరాల కన్ను అని ఉంటే పైసలు అని ఎట్ల అంటిరి? గుడ్డోడు ఇంకొకని కన్ను పోగొడ్తే ఏం తీస్తవు? అందరికీ ఒకటే న్యాయం అని లేవీయకాండంల ఉంది గదా. హంతకుని ప్రాణానికి బదులు సొమ్ము తీసుకోవద్దని సంఖ్యాకాండంల ఉంది, అంటే అంగానికి తీసుకోవచ్చనే గదా. యాక్సిడెంట్ క్లెయిములు చూసిన వదినకు ఈ అయిదు లెక్కలు కొత్తగ అనిపియ్యలేదు, అవమానం ఒక్కటి తప్ప. పాత నిబంధన మనది కూడ అని చదివే మాలాంటి వాళ్ళం, ఆ పుస్తకాన్ని మోసుకొచ్చిన మనుషులు దాన్ని ఎట్ల చదువుకున్నరో కనీసం ఒక్కసారి చూసి మాట్లాడాలె, ఇది నేను మర్యాద కోసం చెప్తలేను, న్యాయం అని చెప్తున్న.

ఎట్ల చదువుతున్నరని అడిగేటోళ్ళకు, హీబ్రూ, అరమాయిక్ మాకు రావు, ఇంగ్లీష్‌లనే చదువుతం. సెఫారియా అని ఫ్రీ సైట్, యాప్ ఉన్నయి, వాక్యం మీద వేలు పెడితే దాని మీద ఎవరెవరు ఏం రాసిండ్రో అన్నీ పక్కన తెరుచుకుంటయి. ఆదిన్ స్టైన్‌సాల్ట్స్ 1965ల మొదలుపెట్టి 2010ల పూర్తి చేసిన తాల్ముద్ పని మీద నిలబడ్డ ఇంగ్లీష్ అనువాదం 2017 నుంచి దాంట్ల పెట్టిండ్రు. రోజుకొక్క ఆకు చొప్పున లోకమంతా ఒకే రోజు ఒకే ఆకు చదివే దఫ్ యోమీ అని ఒక పద్ధతి ఉంది, 1923ల రబ్బీ మేయిర్ షపీరో వియన్నా సభల పెట్టిన ఆలోచన, 2711 ఆకులు, ఏడున్నర ఏండ్లు పడ్తది, ఇప్పుడు నడిచే 14వ విడత 2020 జనవరిల మొదలైంది, 2027 జూన్‌ల అయిపోతది. మాకు ఆ స్పీడు వద్దు. మేము ఒక ఆకు మీద వారాలకు వారాలు ఉంటం.

బవా మెత్సియాలనే రెండు కథలున్నయి. మొదటిది ఇంటర్నెట్‌ల అందరికీ తెలిసిందే, 59వ ఆకు. ఒక పొయ్యి శుద్ధమా కాదా అని వాదం, రబ్బీ ఎలీఎజెర్ ఒక్కడు ఒక దిక్కు, మిగతా అందరూ ఒక దిక్కు. ఆయన కోసం చెట్టు కదిలింది, కాలువ ఎనక్కి పారింది, గోడలు ఒరిగినయి, ఆకాశవాణి వచ్చి ఆయన మాటే ఖాయం అన్నది. రబ్బీ యెహోషువ లేసి నిలబడి "అది ఆకాశంల లేదు" అని ద్వితీయోపదేశకాండం మాట చెప్పిండు, తోరా మన చేతికి ఇచ్చినంక మెజారిటీ తోని తేల్చుకునుడే. దేవుడు నవ్వి "నా పిల్లలు నన్ను గెలిచిండ్రు" అన్నడట. చాన మంది ఇక్కడ ఆపేస్తరు, నాకు అది సగం చదువు అనిపిస్తది. తర్వాత ఏమైందంటే ఎలీఎజెర్ శుద్ధం అన్న వస్తువులన్నీ తెచ్చి కాల్చి, ఆయనను వెలివేసిండ్రు. ఈ మాట తగనోడు పోయి చెప్తే లోకం నాశనం అయితదని ఆయన శిష్యుడు అకీవా తనే నల్లబట్టలు కట్టుకొని పోయి, నాలుగు మూరల దూరంల కూసున్నడు, "గురువుగారూ, స్నేహితులు మీకు దూరం జరిగినట్టు అనిపిస్తుంది" అన్నడు, ఎలీఎజెర్ కండ్ల నీళ్ళు కారినయి. ఆయన భార్య ఇమ్మా షాలోమ్, వెలివేసిన సభకు పెద్ద అయిన రబ్బన్ గమలియేల్‌కు చెల్లె. మొగడు నేల మీద పడి దేవునికి మొర పెట్టుకుంటే అన్న చచ్చిపోతడని ఆమె ఆయనను ఆ ప్రార్థన చెయ్యనియ్యకుండ కాపలా కాసింది. ఒకరోజు కాపలా తప్పింది, కొందరు చెప్పేదేందంటే వాకిట్లకు బీదమనిషి వస్తే రొట్టె ఇయ్యను పోయిందట, వచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నడు. "లే, మా అన్నను చంపినవు" అన్నది. అన్ని తలుపులు మూసుకున్నా మాటతోని గాయపడ్డోని తలుపు మూసుకోదని తాత ఇంట్ల విన్నదట.

రెండోది 84వ ఆకు. రబ్బీ యోహనాన్, ఒకప్పుడు దొంగగ తిరిగిన రేష్ లాకీష్, ఇద్దరూ జంట, యోహనాన్ తన చెల్లెనే అతనికిచ్చి చేసిండు. ఒకరోజు కత్తి, బాకు ఎప్పుడు పూర్తయిన వస్తువు అయితయని వాదం, కొలిమిల కాలినప్పుడా, నీళ్ళల ముంచినప్పుడా. యోహనాన్ నోరు జారిండు, దొంగకు దొంగతనం పనిముట్లు బాగనే తెలుసు అన్నడు. మాట పెరిగింది, రేష్ లాకీష్ మంచం పట్టిండు, చెల్లె వచ్చి ఏడ్చింది, నా పిల్లల కోసం, నా మొగని కోసం ప్రార్థన చెయ్యి అని, యోహనాన్ వినలేదు, రేష్ లాకీష్ చచ్చిపోయిండు. తర్వాత యోహనాన్ కుంగిపోతుంటే ఎలాజర్ బెన్ పెదాత్‌ను జంటగ పంపిండ్రు, ఆయన మంచి చదువరి, యోహనాన్ ఏది చెప్పినా మీ మాటకు బలంగ ఒక ఆధారం ఉంది అని తెచ్చి ఇచ్చేటోడు. యోహనాన్ అన్నడు, రేష్ లాకీష్ నేను ఒక్క మాట అంటే 24 అభ్యంతరాలు చెప్పేటోడు, నేను 24 జవాబులు ఇచ్చేది, అట్ల చదువు పెరిగేది, నువ్వేమో నాకు ఆధారం తెస్తున్నవు, నేను చెప్పింది సరైందని నాకు తెల్వదా? బట్టలు చింపుకొని, ఎక్కడున్నవు లాకీష్ కొడకా అని అరుచుకుంట మతి పోగొట్టుకొని పోయిండు.

ఈ రెండు కథలు ఒక్క గ్రంథంలనే ఎందుకున్నయో నేను చెప్పిన. ఇద్దరు ఒకే గుడ్డను పట్టుకొని నాది నాదంటే ఎట్ల పంచాలె అని మొదలైన గ్రంథం ఇది, ఎదురు వాదించేటోడు ఉంటేనే చదువు ఉంటదని నమ్మిన మనుషులు, అసొంటోన్ని తామే మాటతోని పోగొట్టుకున్న సంగతిని దాచకుండ రాసిపెట్టుకున్నరు, మాటతోని గాయం చేయొద్దన్న చట్టం ఉన్న అధ్యాయంలనే మొదటి కథ పెట్టిండ్రు, తమ మీద తామే సాక్ష్యం చెప్పుకున్నట్టు. ఇది నాకు ఈ పుస్తకంల అన్నిటికంటే గొప్ప విషయం.

వదిన ఒప్పుకోలేదు, ఆమె మాట కూడ రాస్తున్న. రెండు కథల్ల ఒకే తీరు ఉన్నది అంటది ఆమె, అన్నకు, మొగనికి నడుమ ఒక ఆడమనిషి, ఇద్దరిల ఒకరు పోతరని ముందే తెలిసిన మనిషి. యోహనాన్ చెల్లె పిల్లల కోసం ఏడిస్తే ఆయన బైబిల్ల యిర్మీయా గ్రంథం నుంచి ఒక వాక్యం తీసి జవాబిస్తడు, నీ అనాథలను నాకు వదులు నేను చూసుకుంట అని, మొగని కోసం ఏడిస్తే అదే వాక్యం రెండో సగం, నీ విధవరాండ్రు నన్ను నమ్ముకోవాలె అని. బతికున్న మొగని కోసం వచ్చిన మనిషికి విధవరాండ్ర వాక్యం చదివిండు. "వాక్యం ఎట్ల వాడొద్దో చెప్పనీకి ఇంతకన్న పెద్ద ఉదాహరణ ఏం కావాలె, దాని మీద ఎవ్వరు ఎందుకు అభ్యంతరం లేపలేదు? 24 అని లెక్క గుర్తుపెట్టుకున్నరు, ఆమె పేరు గుర్తుపెట్టుకోలేదు, నువ్వేమో సాక్ష్యం చెప్పుకున్నరు అంటవు" అన్నది. నేను ఇమ్మా షాలోమ్ పేరు ఉంది గదా అన్న. "ఆమె పెద్దింటి బిడ్డ" అన్నది.

దీనికి నా దగ్గర ఇంకా జవాబు లేదు, వ్యాఖ్యలల్ల వెతుకుతున్న.